ఒంటరి చిలుకకు ముసలితనం ముందే వస్తుంది

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం పక్షుల పెంపకం మీద అరపేజీ వేశారు. పంజరంలో ఒకే ఒక్క రామచిలుక, కింద 'ఇంటికి కళ' అని. ఊరుకుందామనుకున్నాను, నావల్ల కాలేదు.

మా ఎదురింటి వసారాలో అలాంటి చిలుకే ఉంది. ఆరేళ్లుగా ఒక్కటే. వేళకు జామకాయ పెడతారు, ముద్దుగానే చూస్తారు. అయినా రొమ్ము మీది ఈకలు తనే పీక్కుంటోంది, అక్కడ ఇప్పుడు ఉత్త చర్మమే. సాయంత్రం చింతచెట్టు మీదికి చిలుకల గుంపు వచ్చిందంటే పంజరం పైఊచలకు వేలాడుతూ అరుస్తుంది.

2014లో వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు పంజరాల్లో ఉండే 45 ఆఫ్రికన్ గ్రే చిలుకల రక్తం పరీక్షించారు. కొంగు దారాలు ఊడకుండా కొసన కుచ్చులు ముడేస్తాం కదా, కణంలో జన్యువులుండే క్రోమోజోముల చివర టెలోమియర్లు అలాంటివే. కణం విభజన చెందే కొద్దీ అరిగిపోతాయి, దీర్ఘకాలం టెన్షన్‌లో ఉంటే ఇంకా తొందరగా. ఒంటరిగా పెరిగిన తొమ్మిదేళ్ల చిలుకల టెలోమియర్లు, జంటగా ఉన్నవాటిలో వాటికన్నా 23 ఏళ్లు పెద్దవాటి టెలోమియర్లంత పొట్టిగా ఉన్నాయి! అది వేరే జాతే, ఒప్పుకుంటాను. కానీ మన చిలుకా గుంపులో బతికేదే కదా. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ (కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సంస్థ) వాళ్ల లాకోన్స్ అనే వన్యప్రాణుల ప్రయోగశాల ఉంది, అడవి జంతువుల పేడలో ఒత్తిడి హార్మోన్లు కొలుస్తారు. మీ విలేకరి ఒక్క ఫోన్ చేసినా చెప్పేవాళ్లు.

అసలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టినా, అమ్మినా, ఇంట్లో పెంచినా నేరం. మా ఊరి సంతలో రెక్కలు కత్తిరించి, బుట్టలో కుక్కి అమ్ముతున్నారని అటవీశాఖ కార్యాలయానికి మూడుసార్లు ఫోన్ చేశాను. "రాసుకున్నాం మేడమ్" అన్నారు, అంతే. ఏటా అక్టోబరులో వన్యప్రాణి వారోత్సవాలకు పిల్లల చేత ర్యాలీలు తీయిస్తారు, ఆ సంత పక్కనుంచే పోతారు, ఒక్కరూ బుట్ట వైపు చూడరు.

వాళ్లెలాగూ కదలరు. మీరైనా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో చిలుకను పంజరంలో పెట్టడం నేరమని వేయండి. ఆ ఫోటో చూసి ఇంకో నలుగురు సంతకు పోకముందే వేయండి.

— ఒక పాఠకురాలు, తెనాలి