లానాయి దీవికి ఒక కుముని పంపండి

హవాయి రాష్ట్ర విద్యాశాఖ సూపరింటెండెంట్ గారికి,

నమస్కారాలు. నేను తెనాలి దగ్గర ఒక ఊళ్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన మాస్టారిని. హోనొలులులో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చాను. నాకిక్కడ ఓటు లేదు, మీ బడుల్లో మా పిల్లలూ లేరు. అయినా లానాయి దీవి బడికి హవాయి భాషలో పాఠాలు చెప్పే టీచరును పంపమని ఈ ఉత్తరం రాయడానికి కారణం పక్కింటి పాప.

పాప మూడో తరగతి. హవాయి భాషలో పాఠాలు చెప్పే కైఆపుని బడికి వెళ్తుంది. సాయంత్రం వరండాలో కూర్చుని వాళ్ల టూటూకి పాఠం చెబుతుంది. అమ్మమ్మైనా, నానమ్మైనా, తాతయ్యైనా వీళ్లకు టూటూనే. ఆ పెద్దావిడ చదువుకున్న రోజుల్లో బళ్లో ఇంగ్లీషు తప్ప ఇంకోటి లేదు. వాళ్లమ్మకు హవాయి వచ్చినా, పిల్లలకు దెబ్బలు తప్పుతాయని ఇంట్లో ఆ మాటే ఎత్తలేదట. ఇప్పుడు డెబ్బై ఏళ్లకు మనవరాలి దగ్గర మాటలు దిద్దుకుంటోంది. నాకు ముక్క అర్థం కాకపోయినా చెవికి మాత్రం కొత్తగా లేదు. ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. తెలుగు అజంత భాష అని ఇన్నేళ్లూ పిల్లలకు చెప్పుకొచ్చినవాణ్ణి, పసిఫిక్ నడిమధ్య ఇంకో అజంత భాష ఉందని ఇప్పుడు తెలుసుకున్నాను.

ఇదేమీ బడి ఎరగని భాష కాదు. మీ దీవుల్లో ప్రభుత్వ బడులు మొదలైందే ఈ భాషలో. 1840లో మూడో కమేహమేహా రాజు చదువుల చట్టం చేశాడు. అంతకు ముందే, 1834లో, హవాయి భాషలో పత్రిక అచ్చయింది. 1893లో రాణిని గద్దె దించారు. 1896లో చట్టం తెచ్చి బడుల్లో ఇంగ్లీషే ఉండాలన్నారు. 1902 నాటికి హవాయి భాషలో చెప్పే బడి ఒక్కటి మిగల్లేదు. ఆ భాష మాట్లాడిన పిల్లలను కొట్టారు. ఇది చదివినప్పుడు నాకు 2009లో మా కడప జిల్లా మైదుకూరు గుర్తొచ్చింది. అక్కడ ఒక బళ్లో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో, ఇక తెలుగు మాట్లాడనని రాసిన పలకలు వేలాడదీశారు. కోట్లమంది మాట్లాడే భాషకే ఆ గతి పట్టినప్పుడు, 1980ల మొదట్లో పద్దెనిమిదేళ్లలోపు మాట్లాడేవాళ్లు యాభైమంది కూడా లేని భాష సంగతి చెప్పాలా?

దాన్ని బతికించింది సర్కారు కాదు, అమ్మానాన్నలు. 1978లో రాజ్యాంగం సవరించి హవాయిని అధికార భాషగా రాసుకున్నారు, బాగుంది. కానీ బడిలో ఆ భాషలో చెప్పకూడదన్న పాత చట్టం 1986 దాకా అలాగే ఉంది. అది పోకముందే, 1984లో, కౌఆయి దీవిలో పూనాన లేఓ అనే పసిపిల్లల బడి తెరిచారు. 1987లో హిలోలో ఒకటి, పెర్ల్ సిటీలో ఒకటి సర్కారు తరగతులు మొదలయ్యాయి. పుస్తకాలు లేవు. తల్లిదండ్రులు, టీచర్లు రాత్రిళ్లు కూర్చుని ఇంగ్లీషు పుస్తకాల్లో ప్రతి వాక్యం మీదా హవాయి వాక్యం కత్తిరించి అంటించారు. నేనూ పాత క్యాలెండర్ల వెనక చార్టులు రాసినవాణ్ణే. ఆ జిగురు పని ఎంతటిదో నాకు తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక తల్లి ఇద్దరు ఆడపిల్లలతో మావుయి నుంచి లానాయి దీవికి మారింది. మావుయిలో పిల్లలు హవాయి మాధ్యమంలో చదివేవాళ్లు. అప్పటికి లానాయిలో ఆ తరగతే లేదు. కోర్టుకెక్కింది. 2019 ఆగస్టులో మీ రాష్ట్ర సుప్రీంకోర్టు, ఈ చదువు పిల్లలకు అందేలా ప్రభుత్వం చేయదగిన ప్రయత్నమంతా చేసి తీరాలని తీర్పిచ్చింది. సరిగ్గా అదే ఏడాది నవంబరులో మా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియమేనని జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మా దగ్గర చాలామంది తల్లిదండ్రులు ఇంగ్లీషే కావాలన్నారు. ఉద్యోగాల టెన్షన్ వాళ్లది, నేను తప్పుపట్టను. మీ దగ్గర మాత్రం మా భాషలో చెప్పండి బాబూ అని తల్లులే కోర్టు మెట్లెక్కుతున్నారు. ఇలాంటి అదృష్టం ఏ విద్యాధికారికి దొరుకుతుంది?

టీచర్లు దొరకడం లేదనే జవాబు మీ నుంచి వస్తుందని తెలుసు. అబద్ధమని అనను. 2020 జనవరి నుంచి ఈ టీచర్లకు ఏడాదికి 8,000 డాలర్లు అదనంగా ఇస్తున్నారు, మంచి పనే. కానీ లానాయిలో నూటికి తొంభై ఎనిమిది పాళ్ల నేల ఒకే కోటీశ్వరుడిది. కొత్తగా వచ్చే టీచరు అక్కడ అద్దెకు ఇల్లు ఎక్కడ వెతుక్కోవాలి? పోస్టుతో పాటు క్వార్టరూ ఇవ్వండి. అదీ కుదరకపోతే దీవి నుంచి దీవికి తిరిగే టీచర్ల బృందాలు పెట్టొచ్చని ఆ తీర్పులోనే ఉంది. చిన్న బడికి నిండా ఒక టీచరు దొరకనప్పుడు ఇద్దరు పంచుకుని వెళ్లడం మా మండలాల్లోనూ చూశాను. తలనొప్పే, కానీ తరగతి మూతపడదు.

ఇంకో మాట. ఈ టీచర్లు పాఠం చెప్పడమే కాదు, చాలాచోట్ల పాఠం తయారుచేసేదీ వాళ్లే. ఆ పనికి బడి వేళల్లోనే గంటలు కేటాయించండి, జీతం కట్టి. హిలో విశ్వవిద్యాలయంలో ఈ పనికి శిక్షణ పొంది వచ్చే పిల్లలు రెండు మూడేళ్లలో అలసిపోయి వేరే ఉద్యోగం చూసుకుంటే నష్టం ఎవరికి?

మా దగ్గరైతే ఎంఈఓ మీద డీఈఓ, డీఈఓ మీద కమిషనరు అని ఫైలు తిరుగుతుంది. మీ రాష్ట్రమంతా కలిపి ఒకటే స్కూల్ డిస్ట్రిక్ట్. తిప్పి పంపడానికి పక్క ఆఫీసు లేదు. అందుకే మీకే రాస్తున్నాను.

టీచరును హవాయిలో కుము అంటారని పాప చెప్పింది. ఆ మాటకు చెట్టు మొదలు అనే అర్థం కూడా ఉందట. తెలుగులో చెట్టుకూ మొదలే, పనికీ మొదలే అని నేను చెబితే పాప తన నోటుబుక్కులో రాసుకుంది.

ఈ ఉత్తరాన్ని మా అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి మీ ఆఫీసుకు పంపుతుంది. హవాయిలోకి మార్చే పని పాప ఒప్పుకుంది. హోంవర్క్ అయ్యాకేనట. కొంచెం ఆలస్యమవుతుంది, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు