డెబ్బై దాటినవారి కార్డు వెనక ఆ నాలుగు ముక్కలు రాయించండి

కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ జె.పి. నడ్డా గారికి,

నమస్కారం. మాది తెనాలి. మా నాన్నగారికి 74 ఏళ్లు, బట్టల కొట్లో గుమాస్తాగా చేశారు. 70 దాటిన అందరికీ, ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ పథకం కింద ఉచిత వైద్యం అని 2024 అక్టోబర్ 29న ప్రధాని ప్రారంభించిన రోజు ఆయన టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ పథకానికి ఇచ్చే వయ వందన కార్డు రాగానే లామినేషన్ చేయించి, పాస్‌బుక్ కవర్లో దాచుకున్నారు.

"ఇంకా ఆ ప్రైవేటు పాలసీ ఎందుకురా, దండగ" అని ఆ ఏడు ప్రీమియం కట్టడం మానేశారు. పన్నెండేళ్లు కడుపు కట్టుకుని కట్టిన పాలసీ. నాకు తెలిసేసరికి, ఆలస్యంగా కట్టేందుకు ఇచ్చే 30 రోజుల గడువు కూడా దాటిపోయింది.

ఆరు నెలలకు గుండెలో నొప్పి వచ్చింది. ఎప్పుడూ చూపించుకునే ఆసుపత్రికే పరుగెత్తాం. కౌంటర్లో అమ్మాయి కార్డు అటూ ఇటూ తిప్పి, "మా దగ్గర ఈ స్కీమ్ లేదండీ" అంది. నాన్నగారు దాన్ని మళ్లీ కవర్లో పెట్టబోతే చేతులు వణికి కింద పడింది. అమ్మ గొలుసు తాకట్టు పెట్టి బిల్లు కట్టాం.

పథకాన్ని నేను తప్పుపట్టడం లేదు. పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తించే బీమా ఈ వయసులో ఏ కంపెనీ ఇస్తుంది? కానీ ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లు కూడా ఈ కార్డు తీసుకోవచ్చని మీ నిబంధనల్లోనే ఉంది. రెండూ ఉంచుకోవచ్చన్న ఆ ఒక్క ముక్క కార్డు చేసిన చోట ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు కొత్త పాలసీ తీసుకుంటే బీపీ, షుగర్‌కు మూడేళ్ల దాకా వెయిటింగ్, అంటే ఆ జబ్బులకు బీమా వర్తించని కాలం, మళ్లీ మొదలవుతుంది. 74 ఏళ్ల మనిషికి మూడేళ్లంటే మాటలా?

ఇంకోటి. ఏడాదికి 5 లక్షలు మనిషికి అనుకున్నాం, ఇంటికట. అమ్మకూ 71 నిండాయి, ఇద్దరికీ కలిపే ఆ మొత్తం. అదీ ఆసుపత్రిలో చేరితేనే. డిశ్చార్జి అయ్యాక 15 రోజుల ఖర్చు వరకే చూస్తారు. నెలనెలా మందుల షాపు బిల్లు మాదే.

అయ్యా, కార్డు వెనకవైపు తెలుగులో, పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి: చేరేముందు ఆసుపత్రి ఈ పథకం జాబితాలో ఉందో లేదో 14555కు ఫోన్ చేసి కనుక్కోండి, దంపతులిద్దరికీ కలిపి 5 లక్షలు, చేరకుండా డాక్టరుకు చూపించుకుని వస్తే వర్తించదు, ఉన్న పాలసీ ఆపొద్దు. కార్డులు చేసే కుర్రాళ్ల చేత ఇదే మాట నోటితోనూ చెప్పించండి, అక్షరాలు ఆననివాళ్లే అక్కడికి ఎక్కువగా వస్తారు.

మా పక్కింటి మాస్టారి పాలసీ రెన్యువల్ వచ్చే నెల్లోనే. కట్టాలా వద్దా అని నిన్న మా అరుగు మీద కూర్చుని అడిగారు.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక కొడుకు