తనిఖీకి వచ్చినవాళ్లు మమ్మల్నీ అడగాలి

సంపాదకులకు నమస్కారం.

పరవాడ దగ్గర ఓ మందుల ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మా గేటు పక్కన 'ప్రమాదం లేని రోజులు' అని బోర్డు ఉంది. రోజూ పొద్దున్నే సెక్యూరిటీ అతను తడిగుడ్డతో పాత అంకె తుడిచి కొత్తది రాస్తాడు. మొన్న వేసవిలో ఓ కాంట్రాక్టు కుర్రాడికి ఆవిరి తగిలి మోచేతి దాకా బొబ్బలెక్కాయి. ఇంట్లో కాలిందని చెప్పమన్నారు. మర్నాడు బోర్డు మీద అంకె మామూలుగానే ఒకటి పెరిగింది! ఆడిట్‌లో చూసేది ఆ అంకెనే.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఓ మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది పోయారు. అప్పటినుంచి నేను నైట్ షిఫ్టుకు బయల్దేరితే ఇంట్లోవాళ్లకు టెన్షనే.

భద్రత ఎలా ఉందో తేల్చాలంటే వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదాలు ఎన్ని రాశారో చూడండి. అవి సున్నా అయితే భయంతో ఎవరూ నోరు విప్పడం లేదని అర్థం. రాసిన లీకేజీని ఎన్ని రోజులకు బాగుచేశారో అడగండి. అలారం మోగితే ఎటు పరుగెత్తాలో కాంట్రాక్టు వాళ్లకు తెలుసా? భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టం సవరించి, ప్రమాదకర పరిశ్రమల భద్రతా కమిటీల్లో యాజమాన్యంతో సమానంగా కార్మికులు ఉండాలన్నారు. తనిఖీ అధికారులు ఆ కార్మిక సభ్యులతో, మేనేజర్లు పక్కన లేకుండా, ఒక్క అరగంట మాట్లాడాలని కోరుతున్నాను.

- ఒక ఫార్మా కార్మికుడు, అనకాపల్లి జిల్లా