పెట్టె సర్దుకోకముందే ఆ లెక్క చెప్పాలి

సంపాదకులకు,

నేను 24 ఏళ్లు సైన్యంలో చేసి 2017లో హవల్దారుగా పెన్షన్ మీద వచ్చేశాను. మాది మందస మండలం. ఇంకో ఏడాదిలో సైన్యం నుంచి దిగిపోయే మా కుర్రాళ్ల కోసం, పెన్షన్ లెక్కల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

వచ్చిన మొదటి నెల మా ఆవిడ పాస్‌బుక్ పట్టుకుని, "ఇదేటండీ, ఇరవై వేలన్నారు, పది వేల చిల్లరే పడిందేటి?" అంది. నాకూ సరిగ్గా తెలీదు. డిశ్చార్జి కాగితాల మీద సంతకాలు పెడుతున్నప్పుడు కమ్యుటేషన్ గడి దగ్గర, అంటే పెన్షన్‌లో ఎంత భాగం వదులుకుని దాని బదులు ఒకేసారి సొమ్ము తీసుకుంటావని అడిగేచోట, "అందరూ సగమే రాస్తారు" అన్నారు, నేనూ రాసేశాను. నెలకు 10 వేలు వదులుకుంటే చేతికి 11 లక్షల దాకా వచ్చింది. ఆ కోత 15 ఏళ్లు. అంటే 18 లక్షలు పోతున్నట్టు. కరువు భత్యం మాత్రం కోత పడని పూర్తి పెన్షన్ మీద లెక్కగడతారు, అదొక్కటే ఊరట. పిల్ల పెళ్లో, అప్పో ఉన్నవాడు తీసుకోక తప్పదు. కానీ సగం అనేది పైహద్దు మాత్రమే, అంతకు తక్కువైనా రాసుకోవచ్చని నాకు చెప్పినవాళ్లు లేరు.

గ్రాట్యుటీ, గ్రూప్ ఇన్సూరెన్సు కూడా అదే ఖాతాలో పడ్డాయి. అంత సొమ్ము ఒక్కసారి నేనెప్పుడూ చూడలేదు. మేడ మీద రెండు గదులు వేశాను, మిగిలినదంతా పెట్టి జీడితోట కొన్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. గాలి తగ్గాక వెళ్లి చూస్తే చెట్లన్నీ ఒకే పక్కకి పడున్నాయి, పైకి లేచిన వేళ్లకి ఎర్రమట్టి ఇంకా తడిగా అంటుకునే ఉంది. ఆ తర్వాత ఆరేళ్లు విశాఖలో సెక్యూరిటీ గార్డుగా రాత్రి డ్యూటీలు చేశాను.

ఇంకో సంగతి. మా వీధిలో ఒక పెద్ద ఫౌజీ పోయాడు. సైన్యం రికార్డుల్లో భార్య పేరు లక్ష్మి, ఆధార్‌లో మహాలక్ష్మమ్మ, పైగా ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఫ్యామిలీ పెన్షన్ మొదలవడానికి ఆ తల్లి 14 నెలలు తిరిగింది. అది చూశాక నేను ట్రంకుపెట్టెలోంచి పీపీఓ, అంటే పెన్షన్ మంజూరు పత్రం తీసి, మా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని, ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూశాను. ఆమె పుట్టిన సంవత్సరం తేడా ఉంది. నేనుండగానే దిద్దించాను. స్పర్శ్ అనే సైనికుల పెన్షన్ వెబ్‌సైటులోకి ఎలా వెళ్లాలో, బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఎప్పుడివ్వాలో ఇప్పుడు ఆమెకీ తెలుసు.

జిల్లా సైనిక సంక్షేమ అధికారులకు నా మనవి ఒక్కటే. జవాను ఆఖరి సెలవుకి ఇంటికొచ్చినప్పుడే, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ఈ లెక్కలు తెలుగులో చెప్పించండి. శ్రీకాకుళం రమ్మంటే ఆడవాళ్లకి ఒక రోజు కూలి పోతుంది, మండలానికే రండి. షామియానా, కుర్చీలు, భోజనాలు మా మాజీ సైనికులం చూసుకుంటాం.

- ఒక మాజీ హవల్దారు, మందస మండలం, శ్రీకాకుళం జిల్లా