ఏడీసీ ముందుండే సర్క్యూట్‌కూ మార్కులు వేయాలి

సంపాదకులకు నమస్కారం.

మా నల్గొండ జిల్లాలో బత్తాయి తోటలున్న రైతులు బోరు మోటార్లకు పెట్టించుకుంటున్న కంట్రోలర్ డబ్బాల గురించి, మా విద్యార్థులు ప్రాజెక్టులుగా తయారుచేస్తున్న అలాంటి డబ్బాల గురించి ఈ లేఖ. ఎలక్ట్రానిక్స్ బోధించేవాడిగా నేను చూసినంతలో, ప్రోగ్రాము మీద, మొబైల్ యాప్ మీద పెడుతున్న శ్రద్ధ, సెన్సార్ వైరుకూ, డబ్బాను నడిపే చిన్న కంప్యూటర్ చిప్ అయిన మైక్రోకంట్రోలర్ పిన్నుకూ మధ్య ఉండవలసిన సర్క్యూట్ మీద పెట్టడం లేదు.

పోయిన ఎండాకాలం దేవరకొండ వైపు మా బంధువుల తోటలో, నీళ్ల హౌజు నిండకముందే మోటారు ఆగిపోతోందంటే వెళ్లి డబ్బా విప్పాను. లెవెల్ సెన్సార్ వైరు, మోటారు త్రీ ఫేజ్ కేబుల్‌తో కలిసి ఒకే పైపులో అరవై మీటర్లు వచ్చి, మధ్యలో ఒక్క రెసిస్టర్ కూడా లేకుండా నేరుగా మైక్రోకంట్రోలర్‌లోని ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) పిన్నుకు అతికి ఉంది. మోటారు ఆపితే రీడింగు 412 దగ్గర నిలకడగా ఉంది, వేయగానే 190కీ 640కీ మధ్య ఎగిరిపడింది. 600 దాటితే హౌజు నిండినట్టని ప్రోగ్రాములో రాసుకున్నారు. ఐదు వోల్టులను 1024 మెట్లుగా విభజించే 10 బిట్ల ఏడీసీలో ఒక్కో మెట్టు ఐదు మిల్లీవోల్టులైనా ఉండదు కాబట్టి, పక్క కేబుల్ నుంచి ఒక వోల్టు సోకినా రెండు వందల మెట్లు తేడా వస్తుంది.

వైరును వేరే పైపులోకి మార్పించి, పిన్నుకు ముందు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, పిన్ను నుంచి గ్రౌండుకు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను. దీని కటాఫ్, అంటే అంతకంటే వేగంగా మారే సిగ్నల్‌ను తగ్గించే హద్దు, 16 హెర్ట్జ్ కనుక మోటారు కరెంటు నుంచి సోకే 50 హెర్ట్జ్ నాయిస్ (అలజడి) మూడో వంతుకు తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. అందుకే మిల్లీసెకనుకొకటి చొప్పున 20 రీడింగులు తీసి సగటు కట్టించాను. 20 మిల్లీసెకన్లంటే మన కరెంటుకు సరిగ్గా ఒక సైకిల్, అందులో పైకి పోయిందీ కిందికి పోయిందీ చెల్లిపోతాయి. మోటారుకు కరెంటు కలిపి తీసే స్విచ్ అయిన కాంటాక్టర్ విడిపోయేటప్పుడు వైరులో 50 వోల్టులు పుట్టినా, ఆ రెసిస్టర్ ఉంటే లోపలికి పోయే కరెంటు ఐదు మిల్లీ ఆంపియర్లు దాటదు. దానికి తోడు అదనపు వోల్టేజీని పక్కకు మళ్లించే రెండు షాట్కీ డయోడ్లు పెడితే చిప్‌కు ఇంకా భద్రం.

సెన్సార్ రెసిస్టెన్స్ ఎక్కువైతే మధ్యలో ఆప్ యాంప్ బఫర్ (సెన్సార్ మీద భారం వేయకుండా అదే వోల్టేజీని చిప్‌కు అందించే సర్క్యూట్) కావాలి. ఏటీమెగా 328 లాంటి చిప్‌కు ముందున్న ఇంపిడెన్స్ (సిగ్నల్ దారిలోని అడ్డు) 10 కిలో ఓమ్‌లకు మించవద్దని తయారీదారు ఇచ్చే డేటాషీట్లోనే ఉంది. అయితే ఐదు వోల్టుల సప్లై మీద ఎల్ఎం 358 అనే ఆప్ యాంప్ చిప్ పెట్టిన ఒక విద్యార్థి, నీళ్లు పొర్లుతున్నా రీడింగు 70 శాతం దగ్గరే ఆగిపోతోందని వారం రోజులు సెన్సార్లు మార్చి చూశాడు. ఆ చిప్ అవుట్‌పుట్ సప్లై కంటే దాదాపు వోల్టున్నర కిందే ఆగుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. దూరం ఎక్కువున్న తోటల్లో కొలతను 4–20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా పంపే సెన్సార్ పెట్టి, డబ్బాలో 250 ఓమ్‌ల రెసిస్టర్ మీద 1 నుంచి 5 వోల్టులుగా చదవడం నా దృష్టిలో అన్నింటికన్నా మేలు, ఎందుకంటే ఎలుక వైరు కొరికితే, కనీసం 1 వోల్టు ఉండవలసిన రీడింగు సున్నాకు పడి సంగతి వెంటనే తెలుస్తుంది.

కాబట్టి ప్రాజెక్టు పరీక్షలకు వచ్చే అధ్యాపకులకు నా విన్నపం: ఇన్‌పుట్ సర్క్యూట్‌ను కాగితం మీద గీయించి, ఒక్కో విలువ ఎందుకు ఎంచుకున్నారో అడిగి, దానికి విడిగా మార్కులు వేయండి. రీడింగును మాత్రం పక్కన మోటారు నడుస్తుండగానే చూపించమనండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
నల్గొండ.