"ఇది నా చేతిలో పని కాదు" అన్న మంత్రసాని పెద్దమ్మకు

మా చెల్లి, పాప క్షేమంగా ఇంటికొచ్చారు. రక్తం కావాలంటే ఇస్తామని ఫోన్లు చేసిన వాళ్ళందరికీ దండాలు. అసలు దండం మాత్రం మా మంత్రసాని పెద్దమ్మకు. కాన్పు చేసినందుకు కాదు, చేయనన్నందుకు.

ఎనిమిదో నెల దాటాక చెల్లి కాళ్ళు వాచాయి. నెలలు నిండుతుంటే అందరికీ ఉండేదేలే అనుకున్నాం. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సాయంత్రం పొట్ట చూడటానికొచ్చిన పెద్దమ్మ ముందు మొహం చూసింది. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. వేలి ఉంగరం తిప్పబోతే కదల్లేదు. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి తీసింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది. "తల నొస్తోందా? కళ్ళ ముందు మెరుపుల్లాంటివి కనబడుతున్నాయా?" అనడిగింది. రెండు రోజుల్నుంచీ ఉందట, చెల్లి మాకెవరికీ చెప్పలేదు.

"ఇది నా చేతిలో పని కాదు. గుర్రపువాతంలోకి దిగేట్టుంది. బండి పిలవండి" అంది. కాన్పు రోజుల్లో బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌నే గుర్రపువాతం అంటారు. పొద్దున్నే వెళ్దామని ఇంట్లో ఒకరు నసిగితే ఆవిడ చూసిన చూపు నాకింకా గుర్తే.

ఆస్పత్రిలో చూస్తే బీపీ 170/110, మూత్రంలో ప్రోటీన్. ఎప్పుడైనా ఫిట్స్ రావచ్చని డాక్టరమ్మ వెంటనే మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టారు. ఫిట్స్ ముప్పును అది సగానికి పైగా తగ్గిస్తుందని 33 దేశాల్లో పదివేల మందికి పైగా ఆడవాళ్ళతో చేసిన పరీక్షలో తేలింది, 2002లో. ఆ మందు మంత్రసాని మూటలో ఉండదు. బీపీ మిషనూ ఉండదు. పెద్దమ్మ దగ్గరున్నది ఒక బొటనవేలు, రెండు ప్రశ్నలు.

గేటు దగ్గర ఒకాయన "మంత్రసానులకి లోపలేం పని? కేసు పాడుచేసి తెస్తారు" అని ఆవిణ్ణి ఆపేశాడు. పెద్దమ్మ మారు మాట్లాడలేదు, నాకే కడుపు మండింది. ఆయన మాటలో అబద్ధమూ లేదనుకోండి. బిడ్డ రావాలని పొట్ట మీద బలంగా నొక్కడం, మాయ పడకపోతే బొడ్డుతాడు పట్టి లాగడం, పొద్దుపోయేదాకా ఆగడం, వీటివల్ల పోయిన ప్రాణాలున్నాయి. కాన్పు నేర్చినవాళ్ళ చేతిలోనే జరగాలి, సరే. కానీ మంత్రసానులను తోడుగా ఉండనివ్వొచ్చని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఆ మాట గేటు దాకా రాలేదంతే. చివరికి ఒక నర్సమ్మ లోపలికి పిలిచారు, ఆవిడకూ దండం. రాత్రంతా పెద్దమ్మ చెల్లి నడుము రుద్దుతూ తలాపునే కూర్చుంది.

కాన్పయ్యాక కూడా గుర్రపువాతం రావచ్చని, బీపీ చూపిస్తూ ఉండమని మాకు మరీ మరీ చెప్పింది. నిన్న తనే వచ్చి మళ్ళీ అదే చోట నొక్కి చూసింది. గుంట పడలేదు. ఉంగరానికి మాత్రం ఇంకో వారం ఆగమంది.