జమ్మికుంట లారీ అన్నకు కృతజ్ఞతలు

కుట్లు తీసి ఇంటికి పంపిండ్రు. ఎక్కువసేపు కూసోవద్దన్నరు గని ఇది రాయకపోతే నిద్ర పట్టేటట్టు లేదు.

ఆ అన్న పేరు కూడా అడగలే. హన్మకొండల దవాఖాన ఓపీ లైన్ల నా ముందు నిలబడ్డడు, నడుముకు బెల్టు. నేను ఒక్క కాలు మీద బరువేసి నిలబడ్డది చూసి "డిస్కా తమ్మీ?" అన్నడు. ఔనన్న. దగ్గరికొచ్చి మెల్లగ, "ఒంటికి పోతే తెలుస్తుందా? కూసునే కాడ తిమ్మిరా? ఇంటామె దగ్గర ఎట్లుంది? సిగ్గుపడకు, నాకు మూడూ పోయి మళ్ళొచ్చినయ్" అన్నడు. చివరి ముచ్చట నెలల నుంచి డాక్టర్లకు తప్ప ఎవ్వరికీ చెప్పకుండ లోపలే దాచుకున్న. తిమ్మిరి మాత్రం ముందురోజే మొదలైంది. లైన్లనే ఏడుపొచ్చింది. తన వంతు వదులుకొని నన్ను సీదా డాక్టర్ రూంలకు తీస్కపోయి, "సార్, ఈ తమ్మునికి కూసునే కాడ స్పర్శ లేదట" అన్నడు. డాక్టరు పెన్ను కిందపెట్టి లేచిండు.

రాత్రికి ఎమ్మారై అయింది. ఎల్5, ఎస్1 అనే వెన్నుపూసల నడుమ డిస్కు జారి నరాల కట్టను నొక్కుతుందట. మూత్రం, విరేచనం, అంగస్తంభన చూసుకునే ఎస్2, ఎస్3, ఎస్4 నరాలు అందులనే ఉంటయట. 48 గంటల్లోపు ఒత్తిడి తీస్తే కోలుకునే అవకాశం ఎక్కువ, ఆలస్యమైతే కొందరికి ఎప్పటికీ రాదన్నరు. తెల్లారేలోపు ఆపరేషన్ చేసిండ్రు. ఇప్పుడు మూత్రం పైపు లేదు, ఒంటికి పోతే తెలుస్తుంది. అంగస్తంభన కూడా పొద్దున్నపూట మెల్లగ తిరిగొస్తుంది. పూర్తిగ కోలుకునుడుకు నెలలు పట్టచ్చట.

అంతకుముందు తిరిగిన కాడ ఒక్కరూ అడగలే. నడుము నొప్పంటే గోలీలు, సూది. మగతనం ముచ్చట చెప్తే టెన్షన్ తగ్గించుకో అన్నరు, ఒకాయన బలానికని డబ్బాలు అంటగట్టిండు. నడుము డాక్టరు ఇది అడగడు, దీని డాక్టరు నడుము చూడడు. నాలాంటి ట్రాక్టర్ డ్రైవర్లు ఎందరు గిట్ల తిరుగుతున్నరో! మగతనం తగ్గుడు షుగరుతోటి కూడా వస్తది, అందరిదీ డిస్కే అని కాదు. కానీ నడుము నొప్పితో పాటు కూసునే కాడ తిమ్మిరి, ఒంటికి ఆగుడు ఉంటే అదేరోజు పోండ్రి.

అమ్మ, మా ఇంటామె, బామ్మర్ది దవాఖానలనే పడుకున్నరు.

అన్నా, జమ్మికుంట నుంచి పత్తి లోడు తెస్తనన్నవ్. ఇది చూస్తే మెసేజ్ పెట్టు, మాది పరకాల పక్క ఊరే.

అయ్యో, మర్చిపోయిన: ఇంటికి పోయినోడు నా స్కానింగ్ కోసం మళ్ళొచ్చిన టెక్నీషియన్ తమ్ముడు, పైపు వేసేటప్పుడు నేను ముడుచుకపోతే మా ఊరి వానల గురించి అడిగిన నైట్ డ్యూటీ సిస్టర్. పైసలు తీసుకోని ఆటో అన్న కూడా. జీతం కోయని మా ట్రాక్టర్ ఓనరుకు సుత నమస్తే.